రెండు పళ్ళ పెయ్యతో పశుప్రదర్శనకు

పశుప్రదర్శనలో పేరు రాయించాలంటే ముందు పశువు నోరు తెరిచి చూడాలి. వయసెంత అని అక్కడ ఎవరూ అడగరు, ఎన్ని పళ్ళు వేసిందని అడుగుతారు. ఆవుకు పైదవడలో ముందు పళ్ళు ఉండవు. కింది దవడలోనే ఎనిమిది. మొదట ఉండేవి పాలపళ్ళు. రెండు, రెండున్నరేళ్ళు వచ్చేసరికి మధ్యలో ఉన్న జత ఊడి, ఆ చోట వెడల్పాటి గట్టి పళ్ళు మొలుస్తాయి. ఆ తర్వాత ఒక్కో జతే మారుతూ ఐదేళ్ళు దాటే లోపల నోరు నిండుతుంది. విభాగాలూ అదే లెక్కన పెడతారు: పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు. మా మామయ్య వాళ్ళ పెయ్య గౌరి సంక్రాంతికి రెండు పళ్ళు వేసింది. ఇక ఈ ఏడు తీసుకెళ్ళాల్సిందేనని ఆయన పట్టుబట్టాడు.

నేను ఒంగోలులో ఒక స్కూల్లో లెక్కలు చెబుతాను. మామయ్యది మద్దిపాడు మండలంలో గుండ్లకమ్మ దాపున ఉన్న పల్లె. ట్రాక్టర్లు వచ్చాక ఆ ఊళ్ళో ఎద్దుల కాడి ఉన్న ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే మిగిలాయి. మామయ్య కూడా ఎద్దులను అమ్మేశాడు గానీ ఒంగోలు ఆవును మాత్రం వదల్లేదు. ఇంట్లోకి పాలు బర్రె ఇస్తుంది. ఆవు రోజుకు నాలుగైదు లీటర్లు ఇస్తే గొప్ప, అదీ దూడ తాగగా మిగిలితే. మరి దేనికి మామయ్యా అంటే, "తెల్లావు లేకపోతే దాన్ని గొడ్లచావిడి అంటారా అమ్మాయ్?" అంటాడు. లెక్కల మనిషిని, ఆ జవాబు నాకు ఆనదు. కానీ ఫారాలు నింపడానికి, ఫోటోలు తీయడానికి నన్ను రమ్మంటే కాదనలేదు. చిన్నప్పుడు తిరునాళ్ళలో దూరం నుంచి చూడటమే తప్ప, పశువు పలుపు పట్టుకుని లోపలికి పోయే వాళ్ళ వైపు నుంచి ఎప్పుడూ చూడలేదు.

పేరు రాయించడం తేలికే. ఊళ్ళోని రైతు సేవా కేంద్రంలో పశుసంవర్ధక సహాయకుడికి చెబితే, గౌరి చెవికున్న పసుపు పోగు మీది 12 అంకెల నంబరు ఫోన్లో కొట్టి చూశాడు. గాలికుంటు టీకా ఎప్పుడు పడింది, గొంతువాపు టీకా ఎప్పుడు పడింది అన్నీ అందులో ఉన్నాయి. వాటిని ఒక కాగితం మీద రాసి, ఆరోగ్యంగా ఉందని పశువైద్యుడి సంతకం పెట్టించి ఇచ్చాడు. ఇది లేకపోతే మైదానంలోకి రానివ్వరట. 2022లో ముద్దచర్మ వ్యాధి దేశమంతా పశువులను పీడించాక మా వైపు ఈ విషయంలో గట్టిగా ఉంటున్నారు.

అసలు గొడవ మేత దగ్గర మొదలైంది. గౌరి తినేది జొన్న చొప్ప, శనగ పొట్టు, ఉన్నప్పుడు పచ్చి పిల్లిపెసర, సాయంత్రం కాస్త తవుడు, గుప్పెడు తెలగపిండి. మామయ్య స్నేహితుడొకాయన బండలాగుడు ఎద్దులు మేపిన మనిషి. ఆయన వచ్చి గౌరి పక్కటెముకల మీద చెయ్యేసి, "ఇట్టా ఉంటే ఎవుడు చూస్తాడ్రా దీన్ని? ఉలవలు ఉడకేసి పెట్టు, పత్తిగింజలు పెట్టు, ప్రదర్శన నాటికి ఒళ్ళు నిగనిగలాడాల" అన్నాడు. మామయ్య ఆ సాయంత్రమే ఉలవల బస్తా దించాడు. మర్నాడు సహాయకుడు వచ్చి చూసి నెత్తి కొట్టుకున్నాడు. పెయ్యకు కొవ్వు పడితే ఎదకు సరిగ్గా రాదు, వచ్చినా చూలు నిలవడం కష్టం, పొదుగులో కూడా కొవ్వు చేరి పాలు తగ్గుతాయి అని చెప్పాడు. "ఎద్దుకు పెట్టేది వేరు, పెయ్యకు పెట్టేది వేరు పెదనాన్నా" అన్నాడు. మామయ్య ఇద్దరి మాటా పోకుండా ఉలవలు సగానికి తగ్గించి పెట్టాడు. ఆ సగం కూడా రోజూ పడిందని నేను అనుకోను. పెట్టే చెయ్యి అత్తయ్యది, ఆమెకు మొదటి నుంచీ ఉలవల మీద నమ్మకం లేదు.

మేత కంటే ముఖ్యం నడకట. పలుపు వదులుగా ఉన్నా మనిషి పక్కన బెదరకుండా నడవాలి, ఆగమంటే నాలుగు కాళ్ళూ సమంగా పెట్టి ఆగాలి. పొద్దున, సాయంత్రం మామయ్య కాలవ గట్టు మీద దాన్ని నడిపించేవాడు. జనం అలవాటు కావాలని వారానికోసారి ఊరి సెంటరు దాకా తీసుకెళ్ళేవాడు. మైకులకు బెదురుతుందేమోనని చావిడిలో స్పీకరు పెట్టి పాటలు వేశాడు. గౌరికి ఏమీ కాలేదు గానీ ఆ పూట బర్రె చేపలేదు, పాలు వదల్లేదు. అత్తయ్య స్పీకరు తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేసింది.

ముందు రోజు స్నానం. కుంకుడుకాయ పులుసు, కొబ్బరి పీచు, పంపు నీళ్ళు. తోక కుచ్చును అత్తయ్య వేరుగా నానబెట్టి దువ్వింది. కొమ్ములకు కాస్త కొబ్బరినూనె రాశారు, అంతే. కొందరు గాజుపెంకుతో కొమ్ము గీకి నున్నగా చేసి రంగు వేస్తారు. న్యాయనిర్ణేతలు కొమ్ము మొదలు చూడాలనుకుంటారు కాబట్టి రంగు వేస్తే ఏదో దాస్తున్నారనే అనుకుంటారని సహాయకుడు ముందే చెప్పాడు. స్నానం కంటే రాత్రి కాపలా పెద్ద పని. తెల్లటి ఒంటి పశువు పేడలో పడుకుంటే తెల్లారేసరికి తొడలు పచ్చగా అవుతాయి, ఆ మరక ఒక పట్టాన పోదు. చావిడిలో కొత్త ఇసుక పోసి, పేడ పడ్డప్పుడల్లా ఎత్తేయడానికి అత్తయ్య మంచం అక్కడే వేసుకుంది.

తెల్లవారుజామున నాలుగింటికి ఏస్ బండి వచ్చింది. చెరువు గట్టు ఏటవాలుగా ఉన్న చోట బండిని వెనక్కి ఆనించి నిలబెడితే పశువు పైకి ఎక్కక్కర్లేదు, నేరుగా అడుగేసి లోపలికి పోతుంది. బండిలో ఇసుక పోసి పైన వరిగడ్డి పరిచారు. ఒట్టి ఇనుప రేకు మీద మూత్రం పడితే గిట్ట జారుతుంది. పలుపు ముందు కమ్మీకి పొట్టిగా కట్టారు. పొడుగ్గా కడితే వెనక్కి తిరగబోయి కాలు మెలిక పడుతుంది. పొద్దున మేత పెట్టలేదు, ఒక బకెట్ నీళ్ళు మాత్రం తాగించారు. ఇంటి నీళ్ళు ఒక డ్రమ్ము నిండా పట్టుకున్నాం. కొత్త ఊరి నీళ్ళు మూతి పెట్టి చూసి వదిలేసే పశువులు చాలా ఉంటాయి, ఎండలో నీళ్ళు తాగకపోతే కడుపు లోపలికి పోయి కనిపిస్తుంది.

హైవే మీద ఒంగోలు దాకా సాఫీగానే సాగింది. అక్కడ కర్నూలు రోడ్డు ఎక్కాక చీమకుర్తి నుంచి గ్రానైటు రాళ్ళతో వచ్చే లారీలు ఎదురయ్యాయి. ఒక్కో లారీ మీద ఒకటో రెండో బండలు, మా బండి కంటే పెద్దవి. హారను కొట్టినప్పుడల్లా గౌరి వెనక్కి గుంజుకునేది. మామయ్య వెనకే నిలబడి దాని గంగడోలు నిమురుతూ ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు. డ్రైవరు పక్కన కూర్చున్న అత్తయ్య మధ్యమధ్యలో కిటికీ లోంచి తల బయటపెట్టి "గౌరీ" అని పిలిచేది. ఆ పిలుపు తర్వాత మాకు ఎంత పని పెట్టిందో చెబుతాను.

ప్రదర్శన జరిగేది సంతనూతలపాడు దాటాక ఒక ఊళ్ళో, తిరునాళ్ళతో కలిపి. శివరాత్రి అయిపోయి, శనగ కోసేసిన చేలు ఖాళీగా ఉన్నాయి. నల్లరేగడి ఎండి అక్కడక్కడా నెర్రెలు విచ్చింది. కమిటీ వాళ్ళు రెండెకరాల మేర రోలరు తిప్పి నీళ్ళు చల్లించారు. తెల్లారేసరికే వంద దాకా పశువులు వచ్చేశాయి. ఎక్కడ చూసినా తెలుపే. ఆ తెలుపులో తేడాలు ఉంటాయని నాకు అక్కడే తెలిసింది. ఆవులు పాల తెలుపు. ఆబోతులకు మెడ, మూపురం, తల దగ్గర బూడిద నలుపు తిరుగుతుంది. అంత మందలో మన పశువును మనం గుర్తుపట్టగలమా అనుకున్నాను గానీ మామయ్య నలభై గజాల దూరం నుంచి పక్క ఊరి ఆవును తోక చూసి చెప్పేశాడు.

గేటు దగ్గర ముగ్గురు పశువైద్యులు. ఒకరు చెవిపోగు నంబరు కాగితంతో సరిచూశారు. ఒకరు ఒళ్ళంతా తడిమి గడ్డలున్నాయా, నోట్లో పుళ్ళున్నాయా, గిట్టల మధ్య ఏమన్నా ఉందా అని చూశారు. మూడో ఆయన పళ్ళు చూస్తారు, రద్దీ అంతా ఆయన దగ్గరే. మా ముందు ఒక కోడెను రెండు పళ్ళకని తెచ్చారు. నోరు తెరిస్తే ఎడమ వైపు మూడో పన్ను చిగురు చీల్చుకుని కనిపిస్తోంది. డాక్టరు నాలుగు పళ్ళ విభాగమన్నారు. యజమాని ఒప్పుకోలేదు. "నిన్న లేదు సార్, ప్రమాణంగా చెబుతున్నా, రాత్రికి రాత్రి వచ్చింది" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. కానీ నాకు ఆ మనిషి మీద జాలేసింది. నాలుగు పళ్ళ కోడెల పక్కన నిలబెడితే అది చిన్నదిగా కనబడుతుంది. రాత్రికి రాత్రి కాకపోయినా పేరు రాయించిన నాటికి అది లేకపోవచ్చు కదా. పన్ను క్యాలెండరు చూసుకుని మొలవదు. చివరికి నాలుగు పళ్ళలోనే రాశారు.

గౌరి నోరు సరిగ్గా ఉంది. తర్వాత టేపు. ముందు కాళ్ళ వెనగ్గా ఛాతీ చుట్టుకొలత 62 అంగుళాలు, భుజం మొన నుంచి పిర్ర ఎముక దాకా పొడవు 54. చుట్టుకొలతను దానితోనే గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 660తో భాగిస్తే కిలోల్లో బరువు వస్తుంది. కుర్ర డాక్టరు ఫోన్లో లెక్క తీసేలోపు నేను కాగితం మీద వేసి 314 అన్నాను. మామయ్య చుట్టూ ఉన్నవాళ్ళను చూసి, "మా మేనకోడలు, టీచరు" అన్నాడు, అడగని వాళ్ళకు కూడా. ఇది అంచనా బరువే, తూకం వేసినట్టు కాదు. అయితే పల్లెల్లో కాటా ఎక్కించే వీలు ఎక్కడుంటుంది, టేపు ఉంటే చాలు. మందు మోతాదు లెక్క కట్టడానికీ ఇదే పద్ధతి అని ఆ డాక్టరు చెప్పారు.

మా విభాగం పదకొండు గంటలకన్నారు. అంటే పన్నెండున్నర. గౌరిని వేపచెట్టు కింద కట్టేసి, అత్తయ్యను కాపలా పెట్టి, నేను స్టాళ్ళు చూడ్డానికి పోయాను.

ఒక వైపు మందు కొట్టే డ్రోన్లు, డ్రిప్పు పైపులు, బ్యాటరీ స్ప్రేయర్లు, జీవామృతం డ్రమ్ములు. డ్రోను లేచినప్పుడల్లా పిల్లలు, పెద్దలు ఒకటే పరుగు. అది దించిన చోట దుమ్ము లేచి పక్కనున్న మిరపకాయ బజ్జీల మీద పడుతోంది, బజ్జీల ఆవిడ తిట్లు మైకు లేకుండానే వినబడుతున్నాయి. నాకు నచ్చింది మాత్రం తాళ్ళ కొట్టు. పలుపులు, ముకుతాళ్ళు, గజ్జెల పట్టెడలు, మూతికి కట్టే చిక్కాలు, చర్నాకోలలు, అన్నీ వరసగా వేలాడదీశాడు. ముకుతాడుకు నైలాను వద్దన్నాడు కొట్టతను. ముక్కు లోపల కోసుకుపోతుందట. నూలు తాడు నానితే మెత్తబడుతుంది, కానీ ఏడాదికోసారి మార్చాలి. "ఇప్పుడు అందరూ రంగు చూసి నైలానే కొంటారమ్మా, నేను చెప్పేది చెబుతా, అమ్మేది అమ్ముతా" అన్నాడు. అత్తయ్య కోసం నూలు పలుపు ఒకటి కొన్నాను. పక్కనే జీళ్ళు, ఖర్జూరం, బొరుగులు, రంకులరాట్నం, ఏ తిరునాళ్ళలోనైనా ఉండేవే.

తిరిగొచ్చేసరికి చెట్టు కింద సభ నడుస్తోంది. విషయం బ్రెజిల్. పశువులున్న నలుగురు చేరితే మా జిల్లాలో ఈ మాట రాకుండా ఉండదు. ఇక్కడి నుంచి అక్కడికి పోయిన ఒంగోలు జాతిని వాళ్ళు నెలోర్ అంటారు, అంటే మన నెల్లూరే. పశువులు ఒడ్డు దాటిన తొలి రోజుల్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అటు పోయింది, 1970లో మన జిల్లా వచ్చింది. అలా ఊరి పేరు ఇక్కడ, జిల్లా పేరు అక్కడ ఉండిపోయాయి. వియాటినా-19 అనే ఆవు సంగతి ఒకాయన ఎత్తుకున్నాడు. 2023లో దాని విలువ 40 లక్షల డాలర్లు దాటిందన్న వార్త ఫోన్లన్నిటికీ వచ్చిందే. "మన ఆవుకు అంత రేటు అక్కడ, ఇక్కడేమో దాణా ఖర్చు రాదు" అన్నాడాయన. నేను ఉండబట్టలేక చెప్పాను: అది ఆవు మొత్తాన్ని అమ్మిన ధర కాదు, మూడో వంతు వాటా అమ్మితే దాన్ని బట్టి కట్టిన విలువ. వాళ్ళు దాని అండాలు తీసి, పిండాలు తయారుచేసి, వేరే ఆవుల కడుపులో పెట్టి దూడలు తీస్తారు. పైగా వాళ్ళు మేపేది మాంసానికి, మనం మేపింది దుక్కికి. ఇద్దరి లెక్కా ఒకటెలా అవుతుంది? సభకు నా లెక్క నచ్చలేదు. ఒక పెద్దాయన మాట మార్చి గౌరి వెన్ను మీద సుడి ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టాడు. సుడి మంచి చోటే ఉందట. ఆ శాస్త్రం మీద నాకు నమ్మకం లేదు గానీ చెడ్డ చోట ఉందని అంటే మామయ్య మొహం ఎలా ఉండేదో తలచుకుంటే ఆ మాటకు సంతోషమే వేసింది.

మైకులో మా విభాగం పిలిచారు. సున్నంతో గీసిన గుండ్రటి బరి, చుట్టూ వెదురు కట్టు. పదకొండు పెయ్యలు. న్యాయనిర్ణేతలు ముగ్గురిలో ఒకరు రిటైరైన పశువైద్యుడు, పెద్దాయన, చేతిలో కర్ర, నెత్తిన తువాలు. మిగతా ఇద్దరూ ఆయన మొహం చూసే మాట్లాడుతున్నారు.

మొదట అన్నిటినీ వరసగా నడిపించారు. ఎవరూ పశువును ముట్టుకోలేదు. పెద్దాయన పక్క నుంచి, వెనక నుంచి నడక మాత్రమే చూశారు. ముందు కాలు వేసిన గుర్తు మీదనో దాని దగ్గరనో వెనక కాలు పడాలి. వెనక మోకాళ్ళు ఒకదానికొకటి రాసుకోకూడదు. ఇలా నడిపించినప్పుడే నాలుగింటిని పక్కకు పంపేశారు. తర్వాత నిలబెట్టి దగ్గరికొచ్చారు. ముట్టె, కనురెప్పలు, గిట్టలు, తోక కుచ్చు నల్లగా ఉన్నాయా, కంటి చుట్టూ కాటుక దిద్దినట్టు నల్ల చర్మం ఉందా, కొమ్ము మొదలు లావుగా, పగుళ్ళు లేకుండా ఉందా, పొట్టిగా బయటికీ వెనక్కీ తిరిగిందా చూశారు. గంగడోలు ముడతలు పడి బొడ్డు దాకా సాగిందా చూశారు. పక్కటెముకల మీది చర్మం వేళ్ళతో పట్టి లాగి వదిలారు. వంగి నాలుగు చన్నులూ సమంగా, ఎడంగా ఉన్నాయా చూశారు. తిండి పెట్టి తెచ్చుకోగలిగినవి వీటిలో ఏవీ లేవని నాకు అప్పుడు తట్టింది. మహా అయితే చర్మం మెరుపు.

అత్తయ్య పిలుపు పని పెట్టింది ఇక్కడే. ఆమె వెదురు కట్టు అవతల ఖాళీ బకెట్ పట్టుకుని నిలబడింది. గౌరి ఆమె ముందుకు వచ్చినప్పుడల్లా మెడ తిప్పేస్తోంది, నిలబడమంటే అటే ఒరుగుతోంది. వెనక కాళ్ళు వంకరగా పడుతున్నాయి. మామయ్య ముకుతాడు బిగించి లాగితే ఇంకా మొండికేసింది. అరచేతుల్లో చెమట పట్టేసింది ఆయనకు. మాకందరికీ ఒకటే టెన్షన్. పెద్దాయన రెండుసార్లు గమనించి బయటికి చూసి, "ఆ బకెట్ అమ్మగారు ఎవరండీ? కాస్త ఆ టెంటు వెనక్కి వెళ్ళండమ్మా, మీరుండగా ఇది మీ మాటే వింటుంది" అన్నారు మైకులోనే. జనం గొల్లుమన్నారు. అత్తయ్య బకెట్ తో సహా టెంటు వెనక్కి పోయింది. గౌరి అటు వైపు చెవులు రిక్కించింది గానీ కాళ్ళు సరిగ్గా పెట్టి నిలబడింది.

చివరికి మూడు మిగిలాయి. ఒకటి టంగుటూరు వైపు నుంచి వచ్చింది, పొడుగ్గా, కాస్త బక్కపల్చగా ఉంది. రెండోది మా గౌరి. మూడోది చూస్తే కళ్ళు తిప్పుకోలేం, తోమిన వెండి గిన్నెలా ఉంది అన్నాడు మామయ్యే. జనం కూడా అదే మొదటిదని అరుస్తున్నారు. పెద్దాయన దాని తోక మొదట్లో రెండు వైపులా వేళ్ళు నొక్కి చూశారు. తర్వాత మైకు తీసుకున్నారు.

"ఇది అందంగా ఉంది, కాదనను. తోక మొదట్లో కొవ్వు గడ్డలు కట్టింది. పెయ్యను మనం ఎందుకు పెంచుతాం? ఈనడానికి. ఇంత కొవ్వుతో ఇది ఎదకు ఎప్పుడొస్తుంది, చూలు ఎప్పుడు కడుతుంది? ప్రదర్శన కోసం పశువును పాడు చేసుకోకండి" అన్నారు. బక్కపల్చటి దానికి మొదటిది. నడుము పొడవు, నడక, పిర్ర ఎముకల మధ్య వెడల్పు, రేపు ఈనేటప్పుడు దూడ సులువుగా వస్తుంది అని కారణం చెప్పారు. గౌరికి రెండోది. ముందు భాగం, కొమ్ము, కన్ను బాగున్నాయి, వెనక భాగం ఇంకొంచెం వెడల్పుండాలి అన్నారు. వెండి గిన్నె మూడోది. దాని యజమాని షీల్డు తీసుకోకుండానే పోయాడు.

నాకైతే ఆ తీర్పు నచ్చింది. మా స్కూల్లో కూడా ఇలా కారణం చెప్పి మార్కులేస్తే బాగుండు అనిపించింది. ఉలవల స్నేహితుడు మాత్రం "ఆయనకు పశువు తెలవదు" అని తేల్చేశాడు. అత్తయ్య ఏమీ అనలేదు. మామయ్య వైపు ఒకసారి చూసింది, ఆయన షీల్డు మీద అక్షరాలు చదువుకుంటున్నాడు. షీల్డుతో పాటు ఒక దాణా బస్తా ఇచ్చారు.

మధ్యాహ్నం బండలాగుడు. పశుప్రదర్శనకు వచ్చిన జనం ఎంతో దీనికి అంతకు నాలుగింతలు. నున్నగా చెక్కిన పెద్ద రాతి బండ, దానికి కట్టిన జత, ఇచ్చిన సమయంలో ఎన్ని అడుగులు లాగితే అంత. ఊరి పేరు, యజమాని పేరు చెప్పగానే ఈలలు. ఎద్దులు ఒంగి, మూపురం ముందుకు నెట్టి, బండను కదిలించే మొదటి గుంజు చూడాలి. ఆ బలం దగ్గర నిలబడితే మన ఒళ్ళు జలదరిస్తుంది. కానీ బండ ఆగిపోయినప్పుడు చర్నాకోలలు లేచాయి. కొట్టవద్దని మైకులో చెబుతూనే ఉన్నారు, వినేదెవరు. నేను మధ్యలోనే వచ్చేశాను. దుక్కి పోయాక ఒంగోలు ఎద్దును ఈ బండే బతికిస్తోందన్నది నిజం. మంచి జత లక్షల్లో పోతుంది కాబట్టే ఆవులను మేపేవాళ్ళూ మిగిలారు. అది తెలిసీ నాకు ఆ దెబ్బలు చూడబుద్ధి కాలేదు. రెండూ నిజాలే.

చెట్టు దగ్గరికొచ్చేసరికి మామయ్య చేతులు ఒక కొత్తాయన తువాలు కింద ఉన్నాయి. బేరం. ధర నోటితో చెప్పరు, తువాలు కింద వేళ్ళు పట్టుకుని చెబుతారు, పక్కవాడికి తెలియకూడదు కాబట్టి. కొత్తాయన బండలాగుడు ఎద్దులు మేపే మనిషేనట, గౌరికి పుట్టే కోడెల మీద ఆశ. మామయ్య వేళ్ళు విడిపించుకుని తల అడ్డంగా ఊపాడు. ఆయన మళ్ళీ పట్టుకున్నాడు. ఇలా చాలాసేపు నడిచింది. ఇద్దరూ పైకి మాత్రం వానల గురించి, శనగల ధర గురించి మాట్లాడుకుంటున్నారు. ఎంతన్నాడో మామయ్య నాకు చెప్పలేదు. అత్తయ్యకు చెప్పాడు. అత్తయ్య బండిలో నాకు చెప్పింది: లక్షా పది వేలు. బండి బాడుగ, మేత, పోయిన కూలి కలిపి నేను వేసిన లెక్క మామయ్యకు చూపించి, ఎందుకు ఇవ్వలేదని అడిగాను. "దాని తల్లి ముసలిదైంది. ఇది పోతే చావిడిలో ఏం మిగులుద్ది?" అన్నాడు. లెక్క కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు, చదవకుండానే.

ఇంటికి తెచ్చాక రెండు వారాలు గౌరిని మిగతా పశువులకు దూరంగా కట్టాలని సహాయకుడు చెప్పాడు. అన్ని ఊళ్ళ పశువుల మధ్య తిరిగొచ్చింది కదా. విడిగా నీళ్ళ తొట్టి, నోట్లో పుళ్ళు, చొంగ, కుంటడం ఏమన్నా కనిపిస్తే వెంటనే ఫోన్ చేయాలి. ఒళ్ళంతా వెతికితే పిడుదులు దొరికాయి, అంతకు మించి ఏమీ రాలేదు.

ఏప్రిల్ మొదట్లో ఒక పొద్దున గౌరి ఎదకొచ్చింది. పొద్దున వస్తే సాయంత్రం, సాయంత్రం వస్తే మర్నాడు పొద్దున చూలు కట్టే సూది వేయించాలి. ఆ సాయంత్రం ఏ సూది అన్నదాని మీద మళ్ళీ గొడవ. సహాయకుడి దగ్గర ఒంగోలు ఆబోతు వీర్యం రెండు రకాలు ఉన్నాయి, ఒకటి మామూలుది, ఒకటి వేరుచేసింది. వేరుచేసినదాంతో పదింట తొమ్మిది సార్లు పెయ్యే పుడుతుంది. మామయ్యకు తువాలు కింద వేళ్ళు గుర్తున్నాయి, కోడె కావాలి. అత్తయ్యకు పెయ్య కావాలి. సూది వేసేటప్పుడు గౌరి తల పట్టుకోవాల్సింది అత్తయ్యే కాబట్టి పెయ్య సూదే పడింది.

మూడో నెలలో డాక్టరు చెయ్యి పెట్టి చూసి చూడి అవునో కాదో చెబుతారు. నిలిస్తే తొమ్మిదిన్నర నెలల లెక్కన జనవరి రెండో పక్షంలో ఈనాలి. శివరాత్రికి పాలిచ్చే ఆవు అవుతుంది, ఆ లోపల ఇంకో జత పళ్ళు కూడా వేయవచ్చు. నాలుగు పళ్ళ విభాగంలో రాయించాలా, పాలావుల విభాగంలో రాయించాలా అని మామయ్య సహాయకుణ్ణి ఇప్పటి నుంచే అడుగుతున్నాడు.